మంచుకాలపు వేట



విశాఖపట్టణములో నివసించు మావంటివారికి చలి అనగా ఏమో సరిగా తెలియదు. సముద్రపు గాలి తగులు ఈ ఊరిలో పుష్యమాసమందు కూడ ఒక్క దుప్పటి చాలును. కాని ఇక్కడనుండి బయలుదేరి, నర్సీపట్నము దాటి, ఘాటీ రోడ్డెక్కి లంబసింగి చేరితిరా, అచ్చట వేరొక లోకము కనబడును. సముద్రమట్టమునకు సుమారు 1000 మీటర్ల ఎత్తున నున్న ఆ ఊరిలోను, చింతపల్లి చుట్టుప్రక్కలను, డిసెంబరు, జనవరి నెలలలో కొన్ని తెల్లవారుజాములను వేడిమి సున్నా డిగ్రీల దగ్గరకు దిగిపోవును. గడ్డిపరకలమీద మంచు తెల్లగా పేరుకొనును. పది గజముల దూరములో నున్న మనుష్యుడు కూడ కంటికి ఆనడు. సామలు, రాగులు కోసి ఇంటికి చేర్చుకొనిన తరువాత, కంది చేలు మాత్రము నిలిచియుండు ఆ దినములలో, అడవిలోని జింకలు పొలములకు దిగివచ్చును. పూర్వము ఆ మంచులోనే ఏటి చివరి వేట సాగెడిది. ఆ వేటను గూర్చి నాలుగు మాటలు మీతో చెప్పవలెనని ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

సంఘపు పత్రికలో వేట ముచ్చట లెందుకని ఎవరైనను అడుగవచ్చును. మన పరిశుద్ధ గ్రంథము వేటను ఎరుగని గ్రంథము కాదు. ముసలివాడై కన్నులు మసకబారిన ఇస్సాకు, చనిపోకముందు తన పెద్ద కుమారుడు తెచ్చు వేటమాంసము తినవలెనని కోరెను. ఆ కోరికనుండియే ఆ ఇంటి తగవంతయు పుట్టినది. జింక మాంసము తినదగినదని ద్వితీయోపదేశకాండము 14వ అధ్యాయము చెప్పుచున్నది. సొలొమోను భోజనపు బల్లకు ప్రతిదినము జింకలను, దుప్పులను తెచ్చెడివారని రాజుల మొదటి గ్రంథములో నున్నది. కాబట్టి తినుటను గ్రంథము తప్పు పట్టలేదు. అయితే తినువాని చేతికి కొన్ని కట్టుబాట్లు విధించినది. వేటాడి పట్టిన జంతువు రక్తమును నేల నొలికించి మట్టితో కప్పవలెనని లేవీయకాండము 17వ అధ్యాయము. గూటిలో తల్లిపక్షి పిల్లలమీద కూర్చుండగా, పిల్లలతో కూడ తల్లిని పట్టుకొనరాదని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము. ఈ రెండు విధులలో నున్న భావ మొక్కటియే. ప్రాణము తీయువాడు తాను తీసినది ప్రాణమని ఎరిగి తీయవలెను.

మన విశాఖ ప్రాంతములో ఈ ఎరుక ఎట్లు పోయినదో చరిత్ర చెప్పుచున్నది. పూర్వము జమీందారులు చీటా అను వేటచిరుతలను పెంచి, వాటిచేత కృష్ణజింకలను పట్టించెడివారు. చీటా కండ్లకు గంతలు కట్టి ఎడ్లబండిమీద మైదానమునకు తీసికొని పోయి, జింకల మంద కనబడగానే గంతలు విప్పి వదలెడివారు. విశాఖపట్టణములో గవర్నరుగారి ఏజెంటుగా నుండిన ఓ. బి. ఇర్విన్ అను దొర, 1880లో అట్టి వేటలోనే, విజయనగరము రాజావారి పెంపుడు చీటా మీదపడి చంపగా మరణించెను. నేడు ఆ చీటాయు మన అడవిలో లేదు. మన దేశమునుండి చీటా పూర్తిగా అంతరించినదని 1952లో ప్రభుత్వమువారు ప్రకటించిరి. తిరిగి 2022 సెప్టెంబరు 17న నమీబియా దేశమునుండి ఎనిమిది చీటాలను విమానములో తెచ్చి మధ్యప్రదేశ్‌లోని కునో అడవిలో విడువవలసి వచ్చెను. పోగొట్టుకొనుట ఎంత సులభమో, తెచ్చుకొనుట ఎంత కష్టమో చూడుడి.

1936లో భారత క్రికెట్ జట్టును ఇంగ్లాండుకు నడిపించిన విజయనగరము మహారాజకుమార్, విజ్జీ అను పేరుగలవాడు, మూడువందలకు పైగా పులులను కొట్టినట్లు చెప్పుకొనబడినది. ఆ లెక్క ఎంతవరకు నిజమైనను, అట్టి లెక్క గొప్పగా చెప్పుకొను కాలమొకటి ఉండెనని మాత్రము నిజము. మా ఊరి ప్రక్కనే నున్న కంబాలకొండ అడవి ఒకప్పుడు విజయనగరము మహారాజావారి ఆధీనములో నుండెను. సుమారు 70 చదరపు కిలోమీటర్లు గల ఆ అడవి 2002నుండి వన్యప్రాణుల అభయారణ్యముగా నున్నది. ఒక ప్రక్క జాతీయ రహదారి, ఒక ప్రక్క ఇండ్లు, నడుమ ఆ కొండలు. నౌకాశ్రయము, ఉక్కు కర్మాగారము గల ఇంత పెద్ద పట్టణపు అంచున నేటికిని చుక్కల దుప్పియు, కణుజును, కుక్కవలె మొరిగే చిన్న జింకయు బ్రతికియున్నవనగా, అవి బలముగలవై కాదు. ఎవరో ఒకరు వాటికొరకు గిరి గీసినందుననే.

ఇక నేనెరిగిన వేటకాని సంగతి చెప్పెదను. ఆయన నా మేనమామ. నర్సీపట్నమునకు పడమటగా కొండల మొదట ఆయనకు నాలుగెకరముల మెట్ట ఉండెను. మందు కూరి కాల్చు పాత తుపాకి యొకటి, దానికి లైసెన్సు కాగితము, రెండును ఆయన పెట్టెలో నుండెడివి. ఆయన తన ఊరి చిన్న సంఘమునకు పెద్ద. ఆదివారము తుపాకి ముట్టడు. వేసవిలో నీటి గుంటల దగ్గర పొంచి కొట్టడు. దాహమునకు వచ్చినదానిని కొట్టుట అతిథిని కొట్టుటయే అనెడివాడు.

1963 డిసెంబరులో, క్రిస్మసు సెలవులకు నేను ఆయన ఇంటికి పోతిని. నాకప్పుడు 13 ఏండ్లు. పండుగ రెండు రోజులున్నదనగా, తెల్లవారుజామున నన్ను లేపి, గొంగళి కప్పి, కంది చేనికి తీసికొని పోయెను. చేని నడుమ మంచె యున్నది గాని మేము దానిపై కెక్కలేదు. గాలి ఎటు వీచుచున్నదో చూచుటకు ఆయన పిడికెడు బూడిద తీసి విడిచెను. చేనివైపునుండి మావైపు వీచు స్థలము చూచుకొని గట్టు క్రింద కూర్చుంటిమి. మనుష్యుని వాసన జింకకు తగిలెనా, ఆ పూట ఇక రాదని చెప్పెను.

మంచు పాలవలె క్రమ్మియుండెను. తూర్పున తెలుపు పుట్టినను ఏదియు కనబడలేదు. చాలసేపటికి కందికొమ్మలు కదలిన శబ్దము వినబడెను. ఆ తెల్లదనములో ఒక నల్లని ఆకారము నిలిచెను. నా గుండె కొట్టుకొనెను. "మావా, కొట్టు!" అని గుసగుసలాడితిని. ఆయన తుపాకి ఎత్తెను గాని కొట్టలేదు.

"అదేటో నీకు తెలుసునా?" అని చెవిలో అడిగెను.

"జింకే మావా."

"మంచులో కనబడిందంతా జింక కాదు నాయనా. గేదె కావచ్చు. కట్టెలకొచ్చిన ఆడమనిషి కావచ్చు. కన్ను చూడనిదాన్ని చెయ్యి కొట్టకూడదు."

మేము కదలక కూర్చుంటిమి. కొంతసేపటికి మంచు కొద్దిగా చీలెను. అది దుప్పియే. ఆడ దుప్పి. దాని వెనుక, మేకపిల్ల యంత పిల్ల యొకటి, తల్లి కాళ్లసందున తల దూర్చుచుండెను. మామయ్య తుపాకి దించి ఒడిలో పెట్టుకొనెను. ఆ రెండును మా కందిచేను తృప్తిగా తిని పోయినవి. మేము రిక్తహస్తములతో ఇంటికి వచ్చితిమి. మా అత్త వాకిట పేడ కలుపుచు, "ఏటి, వేటగాళ్లు గాలి పట్టుకొచ్చారా?" అని నవ్వెను. ఆ క్రిస్మసుకు మా ఇంట కోడి కూరయే. అంతకంటె రుచియైన పండుగ భోజనము నేనెన్నడు తినలేదని చెప్పిన అతిశయోక్తి యగును గాని, ఆనాటి మాట మాత్రము 60 ఏండ్లైనను నన్ను విడిచిపోలేదు.

ఆ రోజులలో మా ప్రాంతమున కెనడా దేశపు మిషనెరీలు పనిచేయుచుండిరి. వారిలో ఒక దొరగారు మా హాస్టలు పిల్లలకు తమ దేశపు ముచ్చటలు చెప్పెడివారు. అచ్చట నిజమైన హిమము మోకాలిలోతున పడునట. జింక అడుగుజాడలు ఆ హిమముమీద అచ్చువేసినట్లు కనబడునట. వేటకు సర్కారువారు తారీకులు నిర్ణయింతురు, మనిషికింతయని చీటీ ఇత్తురు, కొట్టిన జింకకు ఆ చీటీ కట్టవలెను, గడువు దాటిన తరువాత కొట్టినవాడు నేరస్థుడు అని ఆయన చెప్పిరి. పల్లె మనుష్యులు చలికాలపు మాంసమునకు ఆ వేటనే నమ్ముకొందురనియు చెప్పిరి. ఆ దేశపు జింకలు నవంబరు ప్రాంతమున జతకట్టి, మంచు కరగిన పిమ్మట మే, జూన్ నెలలలో ఈనును. కాబట్టి అచ్చట శరదృతువులో వేట తెరచి చలి ముదరకముందు మూసినచో, పాలు త్రాగు పిల్ల దిక్కులేనిది కాదు.

మన దేశములో అట్లు కుదరదు. మన చుక్కల దుప్పికి ఈనుటకు ఒక కాలము లేదు. ఉష్ణదేశమైనందున సంవత్సరము పొడవునను ఏదో ఒక తల్లి ఈనుచునే యుండును. మా మామయ్య చూచినట్లు, పుష్యమాసపు మంచులో కూడ తల్లివెంట పిల్ల యుండును. ఏ నెలలో తుపాకి పేల్చినను ఒక పిల్ల అనాథ కావచ్చును. ఈ దేశమునకు సృష్టికర్త ఇచ్చిన పద్ధతి అది. దానికి తగిన కట్టుబాటును మనమే వెదకికొనవలెను.

ఆ కట్టుబాటు చట్టరూపమున వచ్చినది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము చేయబడెను. మొదట కొన్ని జంతువులకు లైసెన్సుమీద వేట యుండెను. 1991 సవరణతో ఆ లైసెన్సులును తీసివేయబడినవి. నేడు మన అడవులలో జింకను, దుప్పిని, కణుజును కొట్టుట నేరము. జైలు శిక్షయు గలదు. అడవి హక్కుల చట్టము 2006లో వచ్చినప్పుడు గిరిజన సోదరులకు సాగు భూమిమీదను, తేనె, చింతపండు, అడ్డాకువంటి అటవీ ఫలములమీదను హక్కు దొరకినది గాని, వేట హక్కును ఆ చట్టము స్పష్టముగా మినహాయించినది.

చట్టము రాకమునుపే మా మామయ్య చేయి మెత్తబడినది. 1960 తరువాత ఘాటీ రోడ్లలో జీపులు పెరిగెను. పట్టణపు పెద్దమనుష్యులు రాత్రులందు జీపు దీపములు జంతువుల కండ్లలో కొట్టి, అవి దిగ్భ్రమతో నిలిచియుండగా కాల్చెడివారు. చట్టము వచ్చిన కొన్నాళ్లకు ఆయన తన తుపాకిని ఠాణాలో అప్పజెప్పెను. విచారమా అని అడిగితిని. "కొట్టేవాడు జంతువుని చూడాలి, జంతువు కూడా కొట్టేవాణ్ణి పసిగట్టే వీలుండాలి. దీపమెట్టి కొట్టేది వేట కాదురా, దొంగతనం," అనెను. ఆ తరువాత ఆయన తన చేని అడవి వార నొక సాలు కందిని కోయక విడిచిపెట్టెడివాడు. ఏడవ యేట బీడు విడిచిన పొలములో బీదలు తినగా మిగిలినది అడవి మృగములు తినవచ్చునని నిర్గమకాండము 23వ అధ్యాయములో నున్న మాట ఆయనకు మిక్కిలి ఇష్టము.

ప్రియులారా, ఇంతవరకు చెప్పినది పాత ముచ్చట. ఇప్పుడు చెప్పబోవునది మన కాలపు సంగతి. దానికొరకే ఈ వ్యాసము.

నేను నౌకాశ్రయములో ఉద్యోగము చేసి విరమించిన తరువాత, కొండలలోని కొన్ని చిన్న సంఘములకు నెలకొకసారి పోయి వాక్యము చెప్పుచు వచ్చితిని. కొన్ని సంవత్సరముల క్రిందట, జనవరి నెలలో, వాటిలో ఒక ఊరినుండి కబురు వచ్చెను. ఆ సంఘములో డప్పు వాయించి పాటలు నడిపించు యౌవనస్థుడొకడు చనిపోయెను. తెల్లవారుజామున మంచులో, మొదటి బస్సు అందుకొనుటకు పొలముల కడ్డముగా నడిచి పోవుచుండగా, జింకలకొరకు ఒకడు కట్టిన కరెంటు తీగ అతని కాలికి తగిలెను. కేక కూడ వినబడలేదు. ఎండ వచ్చి మంచు విడిన తరువాత పశువుల కాపరులు చూచిరి. అతనికి భార్యయు, నడక నేర్చుచున్న బిడ్డయు ఉండిరి.

తీగ పెట్టినవాడు ఎవరో పరాయివాడు కాడు. ఆ సంఘములోనివాడే. పది దినముల క్రిందట క్రిస్మసు విందులో ఇద్దరును ఒక్క చాపమీద కూర్చుండి భుజించిరి. అతడు దుర్మార్గుడని ఎవరును చెప్పలేదు. అతని కందిచేనిని రెండు రాత్రులు జింకలు, పందులు పాడుచేసెను. షాపువానికి అప్పుండెను. చేను దక్కును, మాంసమును దొరకునని తలంచెను. నేను పోవుసరికి అతడు తన గుడిసె మూల ముడుచుకొని కూర్చుండియుండెను. నన్ను చూచి ఒక్కటే మాట మరల మరల అనెను: "నాను జింకకే ఎట్టినాను బాబూ. మడిసికి ఎట్టలేదు."

వాకిట నిలిచియున్న ఆ చనిపోయినవాని తల్లి ఆ మాట విని, "జింకకెట్టిన తీగకి మడిసని తెలుస్తాదేటి?" అనెను. అంతకు మించి ఆ ముసలమ్మ ఏమియు అనలేదు. అక్కడ నున్న మాలో ఎవరికిని జవాబు దొరకలేదు.

నాకు ఆ క్షణమున మా మామయ్య మాట గుర్తుకు వచ్చెను. ఆయన తుపాకి వెనుక ఒక కన్ను ఉండెను. మంచు చీలువరకు ఓపిక పట్టిన మనస్సు ఉండెను. తల్లియో, పిల్లయో, కట్టెలకు వచ్చిన స్త్రీయో తేల్చుకొను వ్యవధి ఉండెను. తీగకు కన్ను లేదు. పెట్టినవాడు ఇంటిలో నిద్రించుచుండగా అది మేలుకొని యుండును. అతడు జాలిపడవలెనన్నను జాలిపడు గడియ అతనికి దొరకదు.

ఆ రాత్రి పెద్దలు కూడి ఒక ఆలోచన చేసిరి. ఠాణాకు పోనక్కర లేదు, కులాచారము ప్రకారము తప్పు వేయుదము, ఇంత సొమ్ము ఆ విధవరాలికి ఇప్పించుదము, పాము కరచి చనిపోయెనని అందము, సంఘమునకు అపకీర్తి రాకుండును అనిరి. వారి దుఃఖము నేనెరుగుదును. ఒక ఇల్లు కూలినది, రెండవ ఇల్లును ఎందుకు కూలవలెనన్నదే వారి మాట. అయితే సంఘ కాపరి, వయస్సులో నాకంటె చాల చిన్నవాడు, నిర్గమకాండము 21వ అధ్యాయము తెరచెను. ఒకడు గోయి త్రవ్వి దానిని కప్పకపోగా, దానిలో ఎద్దుగాని గాడిదగాని పడి చచ్చినయెడల, గోయి త్రవ్వినవాడు నష్టము అచ్చుకొనవలెనను విధి అచ్చటనున్నది. ఆయన పెద్దలవైపు చూచి, "అయ్యలారా, దేవుడు గోతిని కప్పమన్నాడు గాని, నేరాన్ని కప్పమనలేదు. గాడిదకే లెక్క అడిగినవాడు మనిషికి అడగడా?" అనెను.

చాలసేపు ఎవరును మాటలాడలేదు. చివరకు తీగ పెట్టినవాడే లేచెను. తెల్లవారిన తరువాత కాపరితో కలిసి ఠాణాకు తానే నడిచి పోయెను. కేసు తన దారిని నడిచినది; అతడు శిక్ష అనుభవించి వచ్చెను. అతడు లేని కాలమున సంఘములోని యౌవనస్థులు వంతులు వేసికొని రెండు ఇండ్ల చేలును దున్నిరి. తిరిగి వచ్చిన తరువాత, చనిపోయినవాని చేను దున్నుట తన వంతని అతడు అడిగి తీసికొనెను. ఆ విధవరాలు అతనితో అనిన మాట నాకు కాపరి చెప్పెను: "నిన్ను చమించీసినాను. ఈ ఊర్ల ఏ గట్టునా తీగుండకూడదు. అది సూసుకో." ఆమె క్షమాపణకు ఒక పని జోడించినది. ఆ పని అతడు నేటికిని చేయుచున్నాడు. కంది పండు కాలమున ప్రతి సాయంకాలము లాంతరు పట్టుకొని చేల గట్లవెంబడి నడిచి చూచివచ్చును.

ఇంకొక సంగతి కూడ చెప్పవలెను. ఆ కొండలలో చైత్రమాసమందు ఇటుకల పండుగ జరుగును. అరకు, పాడేరు వైపు గిరిజన గ్రామములలో అది మిక్కిలి పెద్ద పండుగ. విత్తనములకు పూజ చేసి, మగవారందరు విల్లంబులతో కొన్ని దినములు వేటకు పోవుదురు. ఆడవారు దారులకడ్డముగా దుంగలు వేసి వచ్చి పోవువారియొద్ద పండుగ సొమ్ము వసూలు చేయుదురు, థింసా ఆడుదురు. వేటనుండి ఉత్తచేతులతో వచ్చిన మగవారిమీద పేడనీళ్లు చల్లి ఎగతాళి చేయుట అచ్చటి ఆచారము. ఎప్పుడో అడవి నిండుగా నున్న కాలమున అది నవ్వులాట. అడవి ఖాళీయైన ఈ కాలమున, ఆ ఎగతాళికి జంకి కొందరు ఉచ్చులకును తీగలకును దిగుచున్నారు.

ఆ సంఘటన జరిగిన సంవత్సరము చైత్రములో, ఆ ఊరి ఆడవారు, సంఘములోనివారు, కానివారు అందరును ఒక్కమాటమీద నిలిచిరి. వేటకని అడవికి పోయి ఉత్తచేతులతో తిరిగివచ్చిన మగవారికి ఎదురువెళ్లి, పేడనీళ్లకు మారుగా కాళ్లకు మంచినీళ్లు పోసిరి. పండుగ ఆగలేదు. పాట ఆగలేదు. థింసా ఆగలేదు. రక్తము మాత్రము ఆగినది. ఏ ప్రభుత్వోద్యోగియు, ఏ ప్రసంగీకుడును చెప్పి చేయించిన పని కాదది. రిక్తహస్తములు సిగ్గు కాదని ఆ తల్లులే తేల్చిరి.

కాబట్టి కొండలలోను, కొండల మొదటను కాపురముండు సహోదరులారా, మీతో నా మనవి ఇది. జింకలు మీ చేను తినుట నిజము. ఆ నష్టము చిన్నది కాదు. పట్టణములో కూర్చుండి జింక అందమైనదని చెప్పుట సులభము. కంది పోయినవాని ఇంటిలో ఆ మాట చెల్లదు. అయినను చేను కాచుకొనుటకు దారులున్నవి. మంచె కట్టుకొని ఇరుగుపొరుగువారు వంతులవారీగా కావలి యుండుడి. నెగడు వేయుడి, డబ్బాలు మ్రోగించుడి. పంట పోయినప్పుడు అటవీశాఖవారికి అర్జీ పెట్టి పరిహారము అడుగుడి. వ్రాయ నేర్చిన పిల్లలు సంఘములో ఉన్నారు, వారిచేత వ్రాయించుడి. ఒకని చేనికి నష్టము వచ్చినప్పుడు సంఘమంతయు తలకొక కుంచము గింజలు తెచ్చి ఇయ్యగలిగినచో, ఆ ఒక్కడు చీకటిలో తీగ పట్టుకొని బయలుదేరడు. ఆ ఊరిలో అప్పును, నష్టమును ఒంటరిగా మోయుచుండినవాడే ఆ తీగ కట్టెను. అతని చేను పాడైన రెండు రాత్రులును ఎవరు వచ్చి అడుగలేదని తరువాత తెలిసినది.

పట్టణములలోను, మైదానములలోను ఉన్నవారు ఈ మాట తమది కాదని అనుకొనరాదు. మనము నిద్రించుచుండగా మేలుకొని పనిచేయు తీగలు మనకును ఉన్నవి. ఒకనిమీద చెప్పిన చాడీ మాట అట్టిది. బీదవానికిచ్చిన అప్పుమీద పెరుగుచుండు అధర్మపు వడ్డీ అట్టిది. వాటికి కండ్లు లేవు. మనము ఎవరినో ఉద్దేశించి పెట్టుదుము. మంచులో నడిచి వచ్చినవాని కాలికి తగులును. నేనతనిని ఉద్దేశింపలేదని తరువాత చెప్పిన, ఆ తల్లి అడిగిన ప్రశ్నయే మనకును ఎదురగును.

మరల పుష్యమాసము వచ్చును. లంబసింగి పొలములమీద మంచు తెల్లగా పరచుకొనును. కంది పూచి కాయ కట్టును. జింకలు తమ పిల్లలతో గట్టు దిగివచ్చును. బడిపిల్లలును, కూలికి పోవు స్త్రీలును, మొదటి బస్సుకు పరుగెత్తు యౌవనస్థులును ఆ మంచులోనే నడచుదురు. ఆ దినములు రాకమునుపే ప్రతివాడును తన చేని గట్టు నాలుగు ప్రక్కల తిరిగి చూచుకొనును గాక. అచ్చట తీగ యున్నచో విప్పివేయును గాక. ఆ పనికి ధనమక్కరలేదు, చదువక్కరలేదు. లాంతరొకటి, కొంచెము నడక చాలును.